ఐర్లండు దేశపు స్త్రీశబ్దము

ఐర్లండునకు క్రొత్తగా వెళ్లినవాడు డబ్లిను నగరములోనో, పడమటి తీరమందలి గాల్వే పట్టణములోనో ఒక భోజనశాలలో ప్రవేశించి, చేతులు కడుగుకొనుటకై లోపలి నడవలోనికి పోయినచో, అక్కడ ప్రక్కప్రక్కనున్న రెండు తలుపులమీద రెండు చిన్న మాటలు వ్రాసియుండుట చూచును. ఒకటి ‘ఫిర్’, రెండవది ‘మ్నా’. ఇంగ్లీషు మాత్రమే యెఱిగినవాడు, రెండవ మాట మకారముతో మొదలగుచున్నది గనుక పురుషులను చెప్పు ఇంగ్లీషు మాటకు అదియే సమానమని భ్రమించి ఆ తలుపు తెఱచును. అది స్త్రీల గది. ‘ఫిర్’ అనగా పురుషులు. ‘మ్నా’ అనగా స్త్రీలు. తనకు తెలిసిన యొక భాషతో లోకమందలి భాషలన్నిటిని కొలుచువాడు చేయు పొరబాటునకు ఇంతకంటె సులభమైన నిదర్శనము నాకు కనబడలేదు.

ఈ మాటను గూర్చి నేడు వ్రాయుటకు కారణము కలదు. మన తెలుగువారు విద్యార్థులుగను, వైద్యులుగను, కంప్యూటరు నిపుణులుగను ఆ దేశమునకు పోయి, కొందఱు అక్కడనే కాపురములు నిలుపుకొనుచున్నారు. వారి బిడ్డలు చేరు పాఠశాలలలో ఐరిషు భాష తప్పనిసరి పాఠ్యవిషయము. పన్నెండేండ్లు నిండిన పిమ్మట విదేశమునుండి వచ్చి చేరిన విద్యార్థికి మాత్రము ఆ భాషనుండి మినహాయింపు కోరుకొనుటకు నియమములలో అవకాశమున్నది. అట్టి యవకాశము కలిగినప్పుడు తల్లిదండ్రులు సాధారణముగా అనుకొనునది, ‘మనదికాని భాష, వీధిలో ఎక్కువగా వినబడని భాష, ఉద్యోగమునకు అక్కఱకు రాని భాష, పిల్లవానికి ఈ బరువెందుకు’ అని. ఈ యాలోచన సహజమే; కాని సరియైనది కాదని నా దృఢమైన యభిప్రాయము. ఐరిషు వ్యాకరణము ఇంగ్లీషు బిడ్డకు ఎంత క్రొత్తయో తెలుగు బిడ్డకు అంత క్రొత్త కాదు. ఆ తలుపుమీది మాటయొక్క వంశమును, నడకను విచారించినచో ఈ సంగతి తేటపడును.

స్త్రీ అను నర్థము నిచ్చు ఐరిషు నామవాచకము ‘బ్యన్’. భార్య యను నర్థమునను ఇదియే చెల్లును. ‘మొ వ్యన్’ అనగా నా భార్య. ప్రథమైకవచనము బ్యన్. షష్ఠికి వచ్చుసరికి ఆ రూపమే అదృశ్యమై ‘మ్నా’ అగును. స్త్రీయొక్క యని యర్థము. ప్రథమాబహువచనము గూడ మ్నాయే. షష్ఠీబహువచనము ‘బన్’, అనగా స్త్రీలయొక్క. పూర్వము చతుర్థిలో ‘మ్నీ’ అను రూపమొకటి యుండెడిది. అది ఇప్పుడు ప్రాత గ్రంథములలో మాత్రమే కనబడును. కొనాక్టు, అల్‌స్టరు ప్రాంతములవారు మ్నా యనక ‘మ్రా’ అందురు. వ్రాత మాత్రము అందఱికిని ఒక్కటే. ఏకవచనమందలి బ్యన్‌లోని బకారము తాలవ్యముగను, షష్ఠీబహువచనమందలి బన్‌లోని బకారము తాలవ్యము గాకయు పలుకబడును. ఐరిషులో దాదాపు ప్రతి హల్లునకు ఇట్టి రెండు ఉచ్చారణలు కలవు. చేపలోని చకారమునకును, ౘాపలోని ౘకారమునకును భేదమును తల్లి యొడిలోనే నేర్చుకొన్న మనకు ఈ సంగతి గ్రహించుటకు గురువు పెద్దగా శ్రమపడ నక్కఱలేదు.

ఐరిషు వ్యాకరణములలో నామవాచకములను అయిదు వర్గములుగా విభజించి, ఏ వర్గమునను ఇమడని కొన్ని శబ్దములను అపవాదములని చివర నొక పట్టికలో చేర్చుదురు. బ్యన్ ఆ పట్టికలోనిది. బడిపిల్లలు దానిని కంఠస్థము చేయుదురు, చేయుచు విసుగుకొందురు. నియమము తప్పినదని ఉపాధ్యాయుడు చెప్పును. నియమము తప్పినది ఆ శబ్దము కాదు. తక్కిన శబ్దములు కాలక్రమమున క్రొత్త నియమములకు లోబడిపోగా, ఇది యొక్కటి మిక్కిలి ప్రాచీనమైన నియమమును విడువక నిలిచినది. ప్రతి యింట ప్రతిదినము పలుకబడు మాట గనుకనే అది మాఱలేదు. అరుదుగా వాడు మాటను జనులు తమకు తెలిసిన మూసలో పోసికొందురు గాని, అమ్మను, ఆలిని చెప్పు మాటను అట్లు చేయరు.

ఆ ప్రాచీన నియమమేదో చూతము. సంస్కృతము, గ్రీకు, లాటిను, పారసీకము మున్నగు భాషలకును, ఐరిషు చేరిన కెల్టిక్ భాషలకును మూలమైన పూర్వభాషలో పెదవులను గుండ్రము చేసి పలుకు గకార మొకటి యుండెడిదని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆ గకారము సంస్కృతములో కొన్నియెడల గకారముగను, కొన్నియెడల జకారముగను పరిణమించినది, ఐరిషులో బకారమైనది. మన గోవు వారికి ‘బో’. మన జీవశబ్దము వారికి ‘బ్యో’, సజీవమని యర్థము. ఇదే వరుసలో మూడవది బ్యన్. దానికి సంస్కృతమున సోదరులు రెండు. ఒకటి ‘జని’, స్త్రీ యనియు, భార్య యనియు నర్థము గలది. రెండవది ఋగ్వేదమున దేవపత్నులను చెప్పు ‘గ్నా’ శబ్దము. యాస్కుని నిరుక్తములో స్త్రీనామములను చెప్పుచోట గ్నాశబ్దము పేర్కొనబడినది. జని యను మాట వినగానే జననము, జనని యను మాటలు మనకు స్ఫురించును గాని, పుట్టుటను చెప్పు జన్ ధాతువు వేఱు, ఈ స్త్రీశబ్దపు మూలము వేఱు. సంస్కృతములో ధ్వనులు కలిసిపోవుటచేత రెండును ఒకటిగా తోచుచున్నవి. ఐరిషులో అవి కలియలేదు గనుక అక్కడనుండి చూచినప్పుడు భేదము స్పష్టమగుచున్నది. తన యింటిలోని చిక్కును పొరుగింటివాడు విప్పినట్లు దూరదేశపు భాష యొకటి మన సంస్కృతమునకు ఇట్టి యుపకారము చేయుచున్నది.

ఈ కుటుంబమునకు చెందిన మఱియొక మాట మన హైదరాబాదువారికి చిరపరిచితము. పారసీకములో స్త్రీని ‘జన్’ అందురు. దానినుండి పుట్టినదే జనానా. నిజాము నవాబుల కాలమునుండి తెలంగాణమున జనానాలను గూర్చి వినినవారెవరికిని, ఆ మాటకును డబ్లినులోని తలుపుమీది మాటకును చుట్టరికమున్నదని తోచియుండదు. గ్రీకుల ‘గునే’, రష్యనుల ‘జెనా’, ఇంగ్లీషువారి ‘క్వీన్’ ఈ వంశమువే. గ్రీసు దేశమందలి బియోషియా మాండలికములో మాత్రము ఆ శబ్దము ‘బనా’ యని పలుకబడెడిది. ఐరిషు పలుకుబడికి అది యెంత దగ్గఱగా వచ్చినదో చూడుడు!

మఱి బ్యన్ షష్ఠిలో మ్నా యెట్లయ్యెను? సంస్కృతపాఠము చదివిన మన బాలురకు ఇది తెలియనిది కాదు. రాజన్ శబ్దమునకు ప్రథమైకవచనము రాజా, షష్ఠ్యేకవచనము రాజ్ఞః. ప్రథమలోనున్న నడిమి యచ్చు షష్ఠిలో లోపించి, జకార నకారములు ఒకదానితో నొకటి చేరినవి. బ్యన్ శబ్దమునకు జరిగినదియు సరిగా ఇదియే. పూర్వభాషలో ప్రథమావిభక్తియందు గకార నకారముల నడుమ ఎకారముండగా, షష్ఠిలో ఊత ప్రత్యయముపైకి జరుగుటచేత ఆ ఎకారము లోపించినది. గకారము బకారమయిన పిదప ‘బ్నా’ యను రూపము మిగిలినది. అనునాసికమునకు ముందున్న స్పర్శము తన వర్గములోని అనునాసికముగా మాఱుట మనకు కొత్త కాదు. జగత్, నాథ కలసి జగన్నాథ యగుచున్నది, వాక్, మయము కలసి వాఙ్మయ మగుచున్నది. అట్లే నకారము ముందున్న బకారము మకారమైనది. బ్నా మ్నా అయినది. అపవాదమని బడిలో చెప్పబడునది, రాజ్ఞః, వాఙ్మయ అను రెండు రూపములు తెలిసినవానికి రెండు వాక్యములలో బోధపడు క్రమము. రాజ్ఞీశబ్దము గూడ ఐరిషులో ‘రీన్’ అను రూపమున కలదు; దానికి ముందు మన శబ్దమునే చేర్చి రాణిని ‘బన్‌రీన్’ అందురు.

ఈ చుట్టరికము కనుగొన్నవారి చరిత్రలో మన మద్రాసునకు గూడ కొంత భాగమున్నది. విట్లీ స్టోక్స్ అను విద్వాంసుడు 1830లో డబ్లినులో పుట్టి, న్యాయవాదియై, 1862లో మద్రాసునకు వచ్చెను. తరువాత కలకత్తాకు పోయి, 1877 మొదలు 1882 వఱకు వైస్రాయి మండలిలో న్యాయసభ్యుడుగా నుండి భారతదేశపు శాసనములను కూర్చుటలో పాటుపడెను. పగలంతయు శాసనములు వ్రాయుచు, ఆ మనుష్యుడు తీరిక దొరకినప్పుడెల్ల ప్రాచీన ఐరిషు వ్రాతప్రతులతోనే కాలము గడపెను. 908లో మరణించిన కార్మాక్ అను రాజర్షివంటి బిషప్పు పేరుమీద ప్రసిద్ధమైన ఐరిషు నిఘంటువొకటి కలదు. శబ్దములకు వ్యుత్పత్తులు చెప్పుటలో అది మన యాస్కుని మార్గమునకు మిక్కిలి దగ్గఱ. ఆ నిఘంటువునకు ఇంగ్లీషు అనువాదము స్టోక్స్ సంపాదకత్వమున 1868లో అచ్చయినది డబ్లినులో గాదు, లండనులో గాదు, కలకత్తాలో. సంస్కృతము నడయాడు దేశములో కూర్చుండి తన దేశపు భాషను పరిశీలించిన ఆ మహాశయుని నేను తలచుకొనని దినములు తక్కువ.

ఇంతవఱకు చెప్పినది రక్తసంబంధము; సంస్కృతమునకును ఐరిషునకును గల బంధుత్వము. తెలుగు ఆ కుటుంబములోనిది గాదు, ద్రావిడ భాష. కాని చుట్టరికము లేనివారికిని ముఖకవళికలు కలియుట లోకమున కలదు. తెలుగు వ్యాకరణము చదివినవానికి ఐరిషు వ్యాకరణమున ఎదురగు ఆశ్చర్యములలో మొదటిది సంధి. ఐరిషులో మాట చివర మాత్రమే కాదు, మొదటి హల్లు గూడ మాఱును. బ్యన్‌కు ముందు ‘అన్’ అను నిర్దేశకము చేరినచో బకారము వకారమై ‘అన్ వ్యన్’ అగును. షష్ఠ్యేకవచనమున ‘న మ్నా’. ఇక్కడ మార్పు లేదు. షష్ఠీబహువచనమున బన్‌లోని బకారము మకారమై ‘న మన్’ అగును. ఐరిషు నేర్చుకొను విదేశీయులు మొట్టమొదట బెదరునది దీనికే. నిఘంటువులో వెదకబోయిన మాట మొదటి యక్షరమే మాఱిపోయినచో దిక్కు తోచదు గదా!

మన చిన్నయసూరి బాలవ్యాకరణము చదివినవాడు బెదరడు. ప్రథమావిభక్తి మీది పరుషములకు గసడదవలు వచ్చునని మనము నేర్చుకొంటిమి. అతడు పోయెను అనునది అతడు వోయెను అగుచున్నది. రెండు అచ్చుల నడుమ చిక్కిన పకారము మెత్తబడి వకారమైనది. ఐరిషులో అన్ వ్యన్ అగుటకు కారణము ఇట్టిదే. ఆ నిర్దేశకమునకు స్త్రీలింగ ప్రథమలో ఒకప్పుడు చివర నచ్చు ఉండెడిది, దాని వెనుకనున్న బకారము మెత్తబడి వకారమైనది, పిమ్మట ఆ యచ్చు నశించినను మెత్తదనము నిలిచిపోయినది. రెండవ మార్పు ఇంకను చిత్రమైనది. ద్రుతప్రకృతికముల మీది పరుషములకు సరళములు వచ్చును. పూచెను, కలువలు కలసి పూచెఁ గలువలు అగును. ద్రుతమందలి నకారము అరసున్నగా క్షీణించినను, తన స్పర్శచేత కకారమును గకారము చేసి పోయినది. ఐరిషు షష్ఠీబహువచన నిర్దేశకమునకు పూర్వము చివర నొక అనునాసికముండెను. అది నశించినది, నశించుచు తన వెనుకనున్న కకారమును గకారముగను, తకారమును దకారముగను, పకారమును బకారముగను, బకారమును మకారముగను మార్చినది. ద్రుతమే! పేరు మాత్రము వారికి వేఱు.

ఐరిషువారి వ్రాతలో ఒక సౌందర్యము గలదు. దానిని చెప్పక మానలేను. బకారము మకారమైనప్పుడు వారు బకారమును కొట్టివేయరు. దానికి ముందు మకారమును చేర్చి, రెండింటిని వ్రాసి, మొదటిదానిని మాత్రమే పలుకుదురు. 1914లో డబ్లినులో స్థాపితమై, 1916 నాటి తిరుగుబాటులో పాల్గొన్న స్త్రీల సంఘము పేరు ‘కుమన్ న మన్’, అనగా స్త్రీల సంఘము. ఆ పేరు వ్రాయునప్పుడు పలుకబడు మకారమును చిన్న యక్షరముగను, మూలమందలి బకారమును పెద్ద యక్షరముగను వ్రాయుదురు. పలుకునది మకారము, గౌరవము మూలమునకు. మనము అరసున్నను అచ్చుకూటములనుండి తొలగించి ఎన్నో యేండ్లయినది. తొలగించుట తప్పని నేననను గాని, లోపించిన యొక నకారమునకు వ్రాతలో స్థానమిచ్చి నిలిపిన యా జాతిని చూచినప్పుడు నా మనస్సు బాధపడకపోదు.

లెక్కించుటలో గూడ ఐరిషువారికి మనకును ఒక పోలిక కలదు. మనము రెండు పుస్తకములు అందుము, రెండు స్త్రీలు అనము. ఇద్దరు స్త్రీలు అందుము. ఐరిషులో సైతము మనుష్యులకు వేఱు సంఖ్యావాచకములు కలవు. ఇద్దరికి ‘బెర్ట్’, ముగ్గురికి ‘త్ర్యూర్’. ఇద్దరు స్త్రీలు ‘బెర్ట్ వన్’, ముగ్గురు స్త్రీలు ‘త్ర్యూర్ బన్’. సంఖ్య వెనుక మన శబ్దము షష్ఠీబహువచనములో నిలుచును. ఇద్దరు, ముగ్గురు, నలుగురు అని పలుకు తెలుగు పసివానికి ఇది చెప్పవలసిన పాఠమే కాదు. ఇంగ్లీషు మాత్రమే యెఱిగిన సహపాఠికి ఇది క్రొత్త లోకము.

లింగవిషయమున ఐరిషు చేయు చిత్రములను గూర్చి కొందఱు హేళన చేయుదురు. బ్యన్ స్త్రీలింగమే, కాని బాలిక యని చెప్పు ‘కల్యీన్’ పుంలింగము. ప్రాచీన ఐరిషులో స్త్రీవాచకమైన ‘బే’ అను మాట యుండెడిది, అదియు బ్యన్ వంశములోనిదే, దానిది నపుంసకలింగము. హేళనకు తావెక్కడ? భార్యను చెప్పు దారశబ్దము సంస్కృతమున పుంలింగము, నిత్యబహువచనము, కళత్రము నపుంసకము. ఇక మన తెలుగులో, ఆమె వచ్చినది, ఆవు వచ్చినది అని స్త్రీకిని పశువునకును ఏకవచనమున ఒక్కటే క్రియ వాడి, బహువచనమునకు వచ్చుసరికి స్త్రీలు వచ్చిరి అని పురుషులతో కూర్చుండబెట్టుచున్నాము. శబ్దలింగము వేఱు, లోకమందలి లింగము వేఱు అను నెఱుక మనకు పుట్టుకతో నబ్బినది.

వ్యాకరణమును విడిచి అర్థమునకు వత్తము. బ్యన్ అను మాట ఇతర పదములతో కూడి చేసిన సమాసములలో ఐర్లండు పల్లెల జీవితమంతయు కనబడును. మంత్రసానిని ‘బ్యన్ గ్లూన్యె’ అందురు. గ్లూన్ అనగా మోకాలు, మోకాళ్ల స్త్రీ యని యర్థము. మందుమాకులు, శకునములు తెలిసిన వృద్ధురాలు ‘బ్యన్ ఫ్యసె’. జ్ఞానవతి యని యర్థము, అందలి రెండవ మాట మన విద్యాశబ్దమునకు మూలమైన విద్ ధాతువుతో సంబంధించినది. చావు జరిగిన యింట శవముకడ కూర్చుండి, మృతుని గుణగణములు పాటగా అల్లి శోకించు స్త్రీ ‘బ్యన్ ఖీంత్యె’. ఐర్లండు పల్లెలలో ఆమెకు గొప్ప మర్యాద యుండెడిది. క్రైస్తవ గురువులు ఎంత మాన్పింపజూచినను ఆ యాచారము చాలకాలము నిలిచినది. ‘బ్యన్ షీ’ అనగా దిబ్బలలో నివసించు దేవయోనికి చెందిన స్త్రీ. కొన్ని పాత వంశములలో మరణము సమీపించినప్పుడు ఆమె రోదన వినబడునని జనులు నమ్మిరి. ఆమె చంపునది గాదు. చావబోవువానికై ముందుగా ఏడ్చునది. ఇంగ్లీషువారు ఆ మాటను ‘బాన్షీ’ యని చేసి, జాలిగొన్న స్త్రీని భయంకర పిశాచముగా మార్చి, తుదకు తమ బహువచన సకారమును తగిలించి సినిమాల పేర్లకెక్కించిరి. ఐరిషులో బహువచనము ‘మ్నా షీ’. ఇంగ్లీషు ఆ మాటను తీసికొని ప్రథమారూపమును మాత్రమే ఉంచుకొన్నది. దాని వ్యాకరణమును గాని, కరుణను గాని తీసికొనలేదు.

అన్నిటికంటె నన్ను ఎక్కువగా ఆకర్షించిన మాట విధవను చెప్పునది. ప్రాచీన ఐరిషులో ‘ఫెద్వ్’ అను శబ్దముండెను. మన విధవాశబ్దమునకు తోబుట్టువు. రెండింటికిని ఎడబాటే యర్థము. మనము ఆ మాటను నిలుపుకొని, దానికి తిట్టుమాట స్థాయి గూడ కల్పించితిమి. ఐరిషువారు దానిని క్రమముగా విడిచిరి. దాని స్థానమున వాడుకలోనికి వచ్చిన మాట ‘బంట్రెఖ్’. బన్ అను మన శబ్దమునకు, ఇల్లును పొలమును నడపు గృహస్థుడు అను నర్థము గల మాటను చేర్చి కట్టినది. అనగా, భర్త పోయిన స్త్రీని వారు ఏమి కోల్పోయినదో చెప్పి పిలువక, ఏమి చేయుచున్నదో చెప్పి పిలిచిరి. ఎడబాసినది గాదు, ఇల్లు నిలుపునది. ఏ సంఘసంస్కర్త తీర్మానమును లేకయే, పల్లెటి నోళ్లలో ఈ మాట నిలిచినది. ఇట్టి మాటను పుట్టించిన భాష ఎవరికిని అక్కఱలేనిదని అనుటకు నాకు నోరు రాదు.

అట్లని ఆ భాష స్త్రీని సర్వత్ర స్వతంత్రురాలిగా చూచినదని చెప్పబోను. ఓ బ్రియన్ అను వంశమువాని భార్య ‘బ్యన్ ఈ వ్రియన్’. కూతురు ‘నీ వ్రియన్’. పేరులోనే భార్యాత్వము, పుత్రికాత్వము స్పష్టపడును. 1937 నాటి రాజ్యాంగములో 41వ యధికరణము, గృహజీవితముద్వారా స్త్రీ రాజ్యమునకు తోడ్పడుచున్నదని పలుకుచున్నది. ఇంగ్లీషు పాఠమున స్త్రీ యని సామాన్యముగా చెప్పినచోట ఐరిషు పాఠమున నిర్దేశకముతో కూడిన మన ‘అన్ వ్యన్’ రూపమే నిలిచియున్నది, రెండు పాఠములకు భేదము వచ్చినయెడల ఐరిషు పాఠమే ప్రమాణము. ఆ భాగమును మార్చుటకు 2024 మార్చిలో జరిగిన ప్రజాభిప్రాయసేకరణము ఓడిపోయినది. దీనితోపాటు 1990లో మేరీ రాబిన్సన్ తొలి మహిళా రాష్ట్రపతిగా ఎన్నికైనప్పుడు, ఇంగ్లీషులో సాగిన కృతజ్ఞతాప్రసంగమున ఐర్లండు స్త్రీలను ‘మ్నా న హేరన్’ అని ఐరిషులో గూడ పేర్కొన్న ఘట్టమును తలచుకొన్నచో, ఒక శబ్దమునకు జాతిహృదయములో గల చోటు తెలియును.

భాషయొక్క నేటి స్థితిని దాచుట ధర్మము గాదు. 1851లో ఐరిషు మాటలాడువారు 15 లక్షలకు పైగా నుండిరి. అది గూడ 1845లో మొదలైన మహాక్షామము పశ్చిమ పల్లెలను తుడిచిపెట్టిన పిదపటి లెక్క. 2022 జనాభా లెక్కలలో ఐరిషు వచ్చునని చెప్పినవారు 18 లక్షలకు పైబడి యుండగా, బడి వెలుపల ప్రతిదినము మాటలాడువారు 71,968 మంది. రాజ్యాంగము దానిని ప్రథమ రాజభాష యన్నది. యూరోపియను సమాఖ్య 2007లో అధికారభాషగా గ్రహించి 2022లో పూర్ణస్థాయి నిచ్చినది. తలుపులమీదను, దారి పలకలమీదను ఐరిషు వ్రాయబడుచున్నది. ఇవన్నియు మంచివే, కాని వీనివలన భాష బ్రతుకదు. ఎవరివలన బ్రతుకుచున్నదని అడిగినచో, నేను చూపునది ‘బ్యన్ అన్ తీ’ని, అనగా ఇల్లాలిని. ఐరిషు ఇంకను ఇంటిభాషగా నిలిచిన పడమటి పల్లెలకు ప్రతి వేసవిలో నగరపు బాలబాలికలు వచ్చి, సుమారు మూడు వారములు ఇల్లాండ్రకడ బసచేసి, వారితో ఐరిషులోనే మాటలాడుచు నేర్చుకొందురు. అన్నము వడ్డించుచు, ఆలస్యముగా వచ్చినవానిని మందలించుచు ఆ యిల్లాలు ఐరిషులో పలుకు మాటలు ఏ వ్యాకరణగ్రంథమును ఇయ్యజాలని విద్యను ఇచ్చుచున్నవి. ఇట్టి పెక్కుమంది ఇల్లాండ్రను చెప్పవలెనన్నచో మరల బ్యన్ మ్నా యగును: ‘మ్నా తీ’.

ఐర్లండులో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు నా మనవి ఇది. మీ బిడ్డకు ఇద్దరు, ముగ్గురు అని లెక్కించుట వచ్చును. ఆమె వచ్చినది, స్త్రీలు వచ్చిరి అను భేదము వచ్చును. చేపకును ౘాపకును గల తేడా వచ్చును. ఐరిషు తరగతిలో తక్కిన పిల్లలకు లేని పెట్టుబడి వానికి ఇంటినుండియే సమకూడియున్నది. సంధి అడిగినచో ద్రుతమును గూర్చి చెప్పుడు. మ్నా యేమని యడిగినచో రాజా, రాజ్ఞః అని వల్లెవేయించుడు. ఇంట తెలుగు మాటలాడు బిడ్డ బడిలో ఐరిషు మాటలాడుటవలన తెలుగునకు నష్టము లేదు. తన తెలుగునకు గూడ వ్యాకరణమున్నదని వాడు మొదటిసారి గ్రహించునది బహుశః అక్కడనే. మినహాయింపు పత్రముమీద సంతకము చేయుటకు ముందు, ఒక్క సంవత్సరమైనను మీ బిడ్డను ఆ తరగతిలో కూర్చుండనిండు.